తూర్పు బెర్లిన్‌ను ఎక్కడ చూడాలి?

బెర్లిన్‌కు వచ్చే పర్యాటకులు ట్రబాంట్ కార్లు అద్దెకు తీసుకుని, వాటిలో వరసగా వీధులు చుట్టివస్తారు. తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా ఇవి సుమారు 30 లక్షలు తయారయ్యాయి. ఉక్కు రేకు కొరత వల్ల, పత్తి వ్యర్థాలను రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన పలకలతో బాడీ కట్టేవారు. పేరు నమోదు చేసుకున్న పదేళ్లకు గానీ కారు చేతికొచ్చేది కాదు.

స్ప్రీ నది ఒడ్డున 2006లో తెరిచిన డీడీఆర్ (తూర్పు జర్మనీ) మ్యూజియంలో ఆనాటి ఫ్లాటు నమూనా ఉంది. సొరుగులు లాగి చూడొచ్చు, సోఫాలో కూర్చోవచ్చు. అక్కడికొచ్చే తూర్పు జర్మన్లు పాత పాలనే తిరిగి రావాలనుకుంటున్నారని తీర్మానించడం తప్పు. 1990 అక్టోబర్ 3న దేశం ఒకటైంది. అప్పటికే పశ్చిమ జర్మనీ మార్కు వచ్చి, దుకాణాల్లో తూర్పు సరుకు మాయమైంది. ప్రభుత్వ ఫ్యాక్టరీలు అమ్ముడుపోయాయి, లేదా మూతపడ్డాయి. లక్షలాదిమంది ఉద్యోగాలు పోయాయి. తల్లి పనికి వెళ్తే బిడ్డను చూసుకునే శిశుకేంద్రాలూ చాలాచోట్ల మూతపడ్డాయి. వాళ్ల బెంగ బెర్లిన్ గోడ మీద కాదు, ఆ జీవితం మీద. సోవియట్ రోజుల్లో మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన తెలుగు పిల్లల పుస్తకాలు చదివి పెరిగినవాళ్లకు పాత రోజుల మీది మమకారానికీ, పాత పాలన మీది ఇష్టానికీ ఉన్న ఈ తేడా సులువుగా అర్థమవుతుంది.

తూర్పు బెర్లిన్‌లో పాదచారుల ట్రాఫిక్ దీపంలోని టోపీ మనిషి బొమ్మనే చూడండి. 1961లో కార్ల్ పెగ్లావ్ రూపొందించిన ఆ బొమ్మను ఏకీకరణ తర్వాత తీసేయబోయారు. జనం పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. ఇప్పుడది పశ్చిమ బెర్లిన్ కూడళ్లలోనూ వెలుగుతోంది.

అయితే కారునూ కుర్చీనీ ప్రదర్శనకు పెట్టినంత తేలిగ్గా భయాన్ని పెట్టలేం. అందుకే హోహెన్‌షోన్‌హౌజెన్‌కూ వెళ్లాలంటాను. అది తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగం స్టాసీ నడిపిన విచారణ జైలు. ఆనాటి నగర పటాల్లో ఆ చోటే కనిపించేది కాదు. కిటికీల్లేని వ్యాన్లలో ఖైదీలను తెచ్చేవారు. ఆ వ్యాన్లు బయటికి మామూలు సరుకు బండ్లలా ఉండేవి. తామెక్కడున్నామో లోపలివాళ్లకు తెలియనిచ్చేవారు కాదు. 1994 నుంచి అది స్మారక స్థలం.

నన్ను ఎక్కువగా కలచివేసేవి అక్కడి విచారణ గదులు. మామూలు ఆఫీసుల్లాగే ఉంటాయి: బల్ల, టెలిఫోను, కర్టెన్లు, గోడకు అంటించిన కాగితం. మ్యూజియం ఫ్లాటులో మురిపెంగా చూసే సామాను కూడా ఆ కాలందే. మ్యూజియం, జైలు రెండూ చూడనిదే ఆ దేశం అర్థం కాదు. ఒకప్పుడు ఆ జైల్లోనే ఖైదీలుగా ఉన్నవాళ్లు కొందరు గైడ్లుగా దగ్గరుండి చూపిస్తారు. వాళ్లు వృద్ధులవుతున్నారు కాబట్టి ఈ ప్రయాణాన్ని వాయిదా వేయొద్దు. అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి ఎం5 ట్రామ్ ఎక్కి, ఫ్రైయెన్‌వాల్డర్ వీధి దగ్గర దిగి నడిచి వెళ్లొచ్చు.