బెహీ : ఒక ఐరిష్ గ్రామఖండము

స్థలనామములను చరిత్రకు సాక్ష్యములుగా గ్రహించు పద్ధతి మన పరిశోధకులకు చిరపరిచితమైనది. ఆ సాక్ష్యము ఎంతవఱకు చెల్లునో తెలిసికొనుటకు ఐర్లండు దేశమందలి యొక చిన్న గ్రామఖండము మంచి యుదాహరణముగా మాకు తోచినది.

ఐర్లండున భూవిభాగములలో మిక్కిలి చిన్నదానికి 'టౌన్‌లాండ్' అని పేరు. అది పట్టణము కాదు, ఊరును కాదు. ఎల్లలును పేరును గల కొంత నేల మాత్రమే. దానినే మేము గ్రామఖండ మనుచున్నాము. అట్టివి ఆ ద్వీపమున 60,000కు మించి కలవు. వానిలో నొకటియగు బెహీ వాయవ్యభాగమున, మేయో మండలమందు, అట్లాంటిక్ తీరమున నున్నది. అచ్చటి నేల పీటు నేల. నీరింకని చోట మొక్కలు చచ్చియు పూర్తిగా క్రుళ్లక, వేలయేండ్లు పొరలుపొరలుగా పేరుకొనగా పీటు ఏర్పడును. దానిని కోసి యెండబెట్టి జనులు పొయ్యిలో వాడుదురు.

1930 ప్రాంతమున, సమీపమందలి బెల్డెరిగ్‌లో ఉపాధ్యాయుడైన పాట్రిక్ కాల్‌ఫీల్డ్ పీటు కోయుచుండగా అడుగున రాళ్లవరుసలు కానవచ్చెను. అవి పీటు క్రింద నున్నవి గనుక పీటుకంటె ప్రాచీనములనియు, వరుసలో నున్నవి గనుక మనుష్యులు పేర్చినవనియు ఆయన గ్రహించెను. ఆయన కుమారుడు షేమస్ పురాతత్త్వవేత్తయై 1970 తరువాత ఈ పరిశోధనను సాగించెను. త్రవ్వకములు కొన్నిచోట్ల మాత్రమే జరిగినవి. తక్కినచోట్ల పొడవైన ఇనుపకడ్డీలను పీటులోనికి దింపి, కడ్డీ ముందుగా ఆగినచోట గోడ కలదని గుర్తించిరి. ఇట్లు సముద్రతీరమునుండి లోపలికి సమాంతరముగా సాగు గోడలును, వాని నడుమ అడ్డుగోడలును బయల్పడినవి. ఇవియే కేడ్య క్షేత్రములని ప్రసిద్ధి నందినవి. ఇవి క్రీ.పూ. 3500 ప్రాంతపు నవీన శిలాయుగమునాటి వని నిర్ణయించిరి. 2017లో ఆండ్రూ వైట్‌ఫీల్డ్ ఈ నిర్ణయమును శంకించి, ఇవి తరువాతిదగు కంచుయుగమునాటివి కావచ్చునని వాదించెను.

ఇక పేరు. 'బెహ్' అనగా ఐరిష్ భాషలో భూర్జవృక్షము. బెహీ యనగా భూర్జములు గల చోటు. పీటులో చిక్కిన పుప్పొడిని పరీక్షింపగా ఆ ప్రాంతమున పూర్వము దేవదారుజాతి వృక్షములును భూర్జములును ఉండెనని తెలిసినది. కావున ఆదిమ కృషీవలులు నఱకిన యడవిని ఈ పేరు నేటికిని స్మరించుచున్నదని చెప్పబుద్ధి పుట్టును. అది పొరపాటు. క్రీ.పూ. 3500 నాటికి ఐరిష్ భాష ఆ ద్వీపమున నుండెననుటకు ఆధారము లేదు. పేరు పెట్టినవారు చూచిన భూర్జములు వేఱు; గోడలు కట్టినవారు చూచినవి వేఱు. పేరు తాను పుట్టిన కాలమునకే సాక్షి.

ఈ సాక్షి వాక్కైనను మనకు దక్కుట సులభముగా జరుగలేదు. 1824లో ప్రభుత్వము పన్నుల నిర్ణయమునకై గ్రామఖండముల సర్వే నారంభించెను. పటములపై పేర్లు ఇంగ్లీషు వర్ణక్రమమున నెక్కినవి. ఆ వ్రాతలో అర్థము మఱుగుపడినది. ఆ సర్వేలో పనిచేసిన జాన్ ఓడొనొవన్ ఐరిష్ మాటలాడువారి నోట పేర్లను విని, ప్రాచీన గ్రంథములతో పోల్చి నమోదు చేసెను. ఆయన మేయో మండలమునకు వచ్చినది 1838లో. 1845లో మహాక్షామ మారంభమయ్యెను. 1841లో 81 లక్షలుగా నున్న దేశజనాభా 1851 నాటికి 65 లక్షలకు దిగెను. మృతులలోను వలసపోయినవారిలోను ఐరిష్ భాషీయులు పెక్కురు. ఆ సేకరణము పదేండ్లు ఆలస్యమై యుండినచో ఎన్ని పేర్ల యుచ్చారణము నశించియుండెడిదో!

మనకును ఇందు హెచ్చరిక కలదు. వేములవాడ యనగానే వేపచెట్లు స్ఫురించును. కాని 10వ శతాబ్ది శాసనమున ఆ పేరు లేంబులపాటకముగా నున్నది. నేటి రూపమును బట్టియే నాటి వృక్షములను ఊహింపరాదు. ప్రాచీనరూపమును శాసనమునందు వెదకవలయును; ఊరివారి యుచ్చారణమును, చెప్పగలవా రుండగానే వ్రాసికొనవలయును; నేల చెప్పుదానిని వేఱుగా పరిశీలింపవలయును. ఈ మూడును విడివిడిగా విచారించిన పిమ్మటనే ఒకదానితో నొకటి సరిచూచుట యుక్తము.