లేమియు లోపమును

మండపేట పరిసరముల ధాన్యపు మిల్లులలో గింజ గింజను కెమెరాతో పరికించి, రంగు మారిన బియ్యమును గాలిదెబ్బతో వేరుచేయు సార్టెక్స్ యంత్రము నేడు వింత కాదు. అట్టి యంత్రములలోను, మన చేతి ఫోనులలోను ఒక చిన్న కంప్యూటరు ఉండును. దానికిని కెమెరా, తెర, మోటారు మొదలగు అంగములకును నడుమ నిలిచి పని జరిపించు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. ఉండినను ఉండకున్నను పని సాగవలసిన అంగమొకటి దొరకనప్పుడు ఏమి చేయవలెనన్నది డ్రైవరు వ్రాయువారికి నిత్యము ఎదురగు ప్రశ్న. చూపునకు స్వల్పమే గాని, విచారించినకొలదిని లోతైనది.

ఒకే టచ్‌స్క్రీను చిప్పును పలువురు తయారీదారులు వాడుదురు. ఒకరు దాని రీసెట్ తీగను ప్రాసెసరునకు కలుపుదురు. వేరొకరు ఖర్చు తగ్గించుటకై విడిచిపెట్టుదురు. రెండును సక్రమమైన అమరికలే. బోర్డుపై ఏవేవి కలవో తెలుపు డివైస్ ట్రీ అను పట్టికననుసరించి డ్రైవరు ఆ తీగను కోరగా, యంత్రమును నడుపు లినక్స్ వ్యవస్థ మూడు విధముల జవాబీయవచ్చును: అట్టిది లేదనుట, ఇంకను సిద్ధము కాలేదనుట, ఉన్నది గాని పొందుటలో దోషము కలిగినదనుట.

లేమిలోని ఇట్టి భేదములు మన తర్కశాస్త్రమునకు క్రొత్త కావు. తర్కసంగ్రహకర్తయు ఆంధ్రుడును అగు అన్నంభట్టు అభావమును నాలుగు విధములుగా విభజించెను. వానిలో, వస్తువు పుట్టకమునుపటి లేమి ప్రాగభావము. మూడు కాలములందును ఉండు లేమి అత్యంతాభావము. పట్టికలో తీగ ప్రసక్తియే లేకుండుట రెండవదానికి చేరువ. తీగనిచ్చు మరియొక డ్రైవరు ఇంకను మేలుకొనకుండుట మొదటిదానికి చేరువ. అప్పుడు లినక్స్ 517 అను సంఖ్యను తిరిగి పంపును. 2012లో వెలువడిన 3.4 సంచిక నుండియు ఈ సంఖ్యను పొందిన డ్రైవరు వైఫల్యమును ప్రకటింపక వెనుదిరుగును. తరువాత దానికి మరల అవకాశము లభించును. ఇక మూడవ జవాబు అభావమే కాదు. ఆ తీగను వేరొకరు ఆక్రమించియుండుటయో, పట్టికలో తప్పు వ్రాతయో అందులకు కారణము కావచ్చును.

ఇచ్చట రెండు ప్రమాదములు పొంచియున్నవి. లేమిని నేరముగా నెంచి యంత్రమునే తిరస్కరించుట ఒకటి. ఏ లోపము వచ్చినను ‘లేదు’ అని సరిపెట్టుకొని ముందునకు సాగుట రెండవది, ఇదియే ఘోరతరము. జనరేటరు లేని మిల్లు కరెంటుపైననే ఆధారపడి తన పనిని కుదుర్చుకొనును గాని, పాడైన జనరేటరును లెక్కలో ‘లేదు’ అని వ్రాసి ఊరకున్న మిల్లు దానిని ఎన్నటికి బాగుచేయించును? అటులే 517ను మ్రింగిన డ్రైవరు రీసెట్ తీగను ఎన్నడును తాకదు, చిప్పు మేలుకొనదు, అయినను కారణము ఎచ్చటను నమోదు కాదు.

ఈ భేదమును నిలుపుటకే 2014లో లినక్స్‌నందు తీగల కొరకును, 2019లో క్లాకు సంకేతముల కొరకును ఐచ్ఛికముగా కోరు విధానములు చేరినవి. వస్తువు లేనియెడల ఇవి శూన్యమును ఇచ్చును. ఆ శూన్యముపై ఇచ్చిన ఆజ్ఞ నిరపాయముగా జారిపోవును. తక్కిన దోషములన్నియు యథాతథముగా పైకి వచ్చును. అయితే అన్ని శాఖలయందును ఒకే మర్యాద లేదు: విద్యుత్సరఫరా శాఖ ఐచ్ఛిక వస్తువు లేనప్పుడు శూన్యమునకు బదులు 19వ లోపసంఖ్యను ఇచ్చును. కనుక ఏ శాఖను అడుగుచున్నామో ఎరిగి, ‘లేదు’ అను జవాబును మాత్రమే క్షమించి, మిగిలినవానిని అడిగినవారికి అప్పగించుటయే ధర్మము. 2020లో 5.9 సంచికతో వచ్చిన మరియొక సహాయకము, వేచియుండుమన్న జవాబును పెద్ద లోపముగా చాటక, దాని కారణమును మాత్రము పదిలపరచును.

ఐచ్ఛికమను మాట వస్తువునకు చెందినదేగాని, మన జాగ్రత్తకు చెందినది కాదు. లేని అంగము వలన యంత్రమునకు హాని లేదు. చెడిన అంగమును లేనిదానిగా చూపు ప్రోగ్రాము మాత్రము, మరమ్మతునకు వచ్చిన మనిషికి దారియే మూసివేయును.