పోటు, పాటు, రక్తములోని చక్కెర

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రములో కలియుచోట గట్టుపై నిలిచి, ఒక్కమారు నీటిని చూచి మరలిపోవు కొత్తవాడు ఏమి తెలిసికొనగలడు? నీరు ఇంత ఉన్నదని మాత్రము చెప్పగలడు. అది పోటుతో ఎక్కుచున్నదో, పాటుతో దిగుచున్నదో చెప్పజాలడు. అక్కడి పడవవాడు కొంతసేపు కనిపెట్టి చూచి, ఇంకను ఎంత ఎక్కునో, ఎప్పుడు తిరుగునో చెప్పును. పడవ విప్పుటయు కట్టుటయు ఆ తెలివిడి మీదనే ఆధారపడి యుండును.

మధుమేహము గలవారు వ్రేలికొనను సూదితో పొడిచి ఒక చుక్క రక్తమును పరీక్షించుకొనుట ఆ కొత్తవాని చూపు వంటిది. ఉదయము పరగడుపున యంత్రము 130 అని చూపినది. రాత్రి 60కి దిగిపోయి మరల లేచిన 130యా అది, లేక 200 నుండి నెమ్మదిగా దిగుచున్న 130యా? ఈ రెంటికిని చేయవలసిన పని వేరు. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడ ఈ ప్రశ్నకు బదులు చెప్పదు. మిక్కిలి ఎత్తులును మిక్కిలి పల్లములును కలిసి చూచుటకు మంచి సగటుగా కనబడవచ్చును. ఈ లోటును తీర్చుటకే ఒంటిపై ధరించు చక్కెర సెన్సారులు వచ్చినవి.

ఇది మన ప్రాంతమునకు దూరపు సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనము దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు మించినారని లెక్కకట్టినది. అంతకు చాల ముందే, 2006లో ప్రచురితమైన ఒక సర్వే గోదావరి పల్లెలలో ముప్పది యేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 13 మందికి ఈ వ్యాధి ఉన్నదనియు, వారిలో ఇంచుమించు సగము మందికి ఆ సంగతియే తెలియదనియు చెప్పినది. మధుమేహము పట్టణవాసుల జబ్బు అనుకొను రోజులు ఎన్నడో గతించినవి.

సెన్సారు అనునది పాత రూపాయి బిళ్లంత వస్తువు. దానిని మోచేతికి పైన, దండచేయి వెనుకవైపున అంటింతురు. అంటించునప్పుడు ఒక సూది చర్మములోనికి చొచ్చి వెంటనే వెలుపలికి వచ్చివేయును. లోపల మిగులునది వెండ్రుకవలె సన్నని మెత్తని తీగ మాత్రమే. ఆ తీగ కొనయందు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అను ఎంజైము ఉండును. చక్కెర దానిని సోకినప్పుడు రసాయనిక చర్య జరిగి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. చక్కెర ఎంత ఎక్కువయో విద్యుత్తు అంత ఎక్కువ. బిళ్ల దానిని కొలిచి, కంటికి కానరాని తరంగములపై ఫోనునకు పంపును. రేడియో గల ఇండ్లవారికి ఈ చివరి సంగతిని వేరుగా వివరింప నక్కరలేదు.

ఎంజైముతో చక్కెరను కొలుచు ఉపాయమును 1962లో అమెరికా శాస్త్రజ్ఞులు లీలండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ ప్రకటించిరి. దానిని మనిషి ఒంటిమీదకు తెచ్చుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టినది. 1999లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన మొదటి పరికరము మూడు రోజులు మాత్రమే పనిచేసెడిది. అందలి లెక్కలను వైద్యుడు తరువాత చూడవలసినదే గాని రోగికి అప్పటికప్పుడు తెలిసెడివి కావు. 2014లో ఐరోపాలో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రేతో, పదునాలుగు రోజులు ధరించి, వ్రేలు పొడిచి సరిచూడ నక్కరలేకయే అంకెను చూచుకొను వీలు సామాన్యులకు కలిగినది.

ఇచ్చట ఒక సంగతిని గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. ఆ తీగ రక్తములో లేదు. చర్మము క్రింద కణముల నడుమనుండు ద్రవములో ఉన్నది. పోటు నీరు మొదట మొగలో ఎక్కి, పిమ్మట గాని పాయలకును కాలువలకును చేరదు గదా! అట్లే చక్కెర మొదట రక్తములో మారి, సుమారు 5 నుండి 15 నిమిషముల తరువాత ఈ ద్రవములో మారును. భోజనమైన వెంటనే గాని, వేగముగా నడచినప్పుడు గాని సెన్సారు అంకెయు వ్రేలి అంకెయు సరిపోకున్నచో యంత్రము చెడినదని అనుకొన బనిలేదు. కాని ఒళ్లు చెమర్చుచు, చేతులు వణకుచు ఉండగా సెన్సారు 110 అని చూపినచో, శరీరము మాటనే నమ్మి వ్రేలిని పొడిచి చూడవలెను. ఆ చేతిమీద ఒరిగి నిద్రించినను అబద్ధపు తగ్గుదల కనబడును. విటమిన్ సి బిళ్లలు పెద్ద మోతాదులో వాడువారికి కొన్ని సెన్సారులు తప్పు చూపును.

అంకెకు పక్కన ఒక బాణపు గుర్తు ఉండును. నా దృష్టిలో అంకె కంటె దాని విలువ ఎక్కువ. 100 అని ఉండి బాణము పైకి చూచుచున్నచో కలత లేదు. అదే 100, బాణము నిట్టనిలువుగా క్రిందికి చూచుచున్నచో, ఇన్సులిన్ తీసికొనువాడు పొలమునకు బయలుదేరకూడదు.

ఇక భోజనము సంగతి. కోనసీమలో అన్నము లేని పూట పూట కాదు. ఉదయము పొట్టిక్కలో, దిబ్బరొట్టెయో. మధ్యాహ్నము అన్నము, చివర పెరుగన్నము, దానిలోనికి చక్కెరకేళి పండు. రాత్రి మరల అన్నము. వీటిని మానుమని వైద్యుడు చెప్పగా విన్నవారు చాలమంది, మానినవారు కొలదిమంది. సెన్సారు మానుమని చెప్పదు, చూపును. ఒకనాడు మామూలుగా భుజించి, రెండు గంటల వరకు గీత ఎంత ఎక్కెనో చూడుడు. మరునాడు అదే వేళకు కూరయు పప్పును ముందు తిని, అన్నమును సగము చేసి, భోజనానంతరము పావుగంట నడచి, మరల చూడుడు. చాలమందికి రెండవనాటి గుట్ట చిన్నదగును. ఎంత చిన్నదగునో మనిషికొక తీరు. అందుచేతనే ఎవరికి వారు చూచుకొనవలెను. ఆత్రేయపురపు పూతరేకు ఒక్కటి తిన్నందుకు ఇంట రభస చేయువారు, రోజూ మూడు పూటలా పళ్లెమున పడుచున్న అన్నపు రాశిని గమనింపరు. గీత ఆ పక్షపాతమును పోగొట్టును.

ఎక్కువ చక్కెర ఏండ్ల తరబడి కన్నులను, మూత్రపిండములను చెరుపును. తక్కువ చక్కెర ఒక్క రాత్రిలో ప్రాణము తీయగలదు. ఇన్సులిన్ వాడువారికిని, గ్లైమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మ్రింగువారికిని ఈ భయము కలదు. మాఘమాసమున భీష్మైకాదశికి అంతర్వేది తీర్థమునకు వచ్చువారిలో ఉపవాసముండువారు అనేకులు. మందు మామూలుగా వేసికొని, ఆహారము మానివేసి, ఎండలో జనసమ్మర్దములో నిలుచుట అపాయకరము. ఉపవాసమునకు ముందే మందు మోతాదును గురించి వైద్యుని అడుగవలెను. డెసిలీటరునకు 70 మిల్లీగ్రాముల దిగువకు వచ్చినచో ఉపవాసము మాట విడచి, మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగవలెను. కొబ్బరిబొండాలకు కరవులేని సీమ గనుక అందరును దానివంక చూతురు గాని, బొండము నీటిలోని చక్కెర అంత పని చేయదు. మనిషి స్పృహ తప్పినచో నోట ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పంచదార నీరు త్రాగిన పిదప కూడ సెన్సారు కొంతసేపు తక్కువనే చూపుచుండును. ఇంతకు ముందు చెప్పిన ఆలస్యమే అందుకు కారణము. అది తెలియక కంగారుపడి లడ్లు, అరటిపండ్లు వరుసగా తిని 300కు ఎక్కించుకొనువారు ఉందురు. పదునైదు నిమిషములు ఆగి వ్రేలిని పరీక్షించుట మేలు.

రాత్రివేళ చక్కెర దిగినప్పుడు కొన్ని సెన్సారులు మ్రోగి లేపును. కొన్నిటికి ఆ సౌకర్యము లేదు. కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. ఈ లెక్కలను దూరముననున్న బిడ్డల ఫోనులకు కూడ పంపవచ్చును. కోనసీమ నుండి గల్ఫ్ దేశములకు పోయిన కొడుకులు ఎందరో కలరు గనుక ఈ ఏర్పాటు వారికి ముచ్చటగా తోచును. కాని మస్కట్‌లో మ్రోగిన గంటకు ఇక్కడ లేచి వచ్చువాడు ఎవడు? సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురము చేరుటకో, రాజోలు పోవుటకో పట్టు వేళను తలచుకొనుడు. కొడుకు ఫోనుతో పాటు పొరుగింటివారి ఫోనునకు కూడ ఆ వార్త చేరునట్లు చేసి, పంచదార డబ్బా ఎచ్చటనున్నదో వారికి చూపియుంచుట అవసరము.

గీత ఎట్లుండవలెను? 2019లో వివిధ దేశముల నిపుణులు కూడి నిర్ణయించిన దానినిబట్టి, సాధారణముగా పెద్దలకు దినములో నూటికి 70 వంతుల కాలము, అనగా ఇంచుమించు 17 గంటలు, చక్కెర 70కిని 180కిని నడుమ ఉండవలెను. 70కి దిగువ నూటికి 4 వంతుల లోపే ఉండవలెను. వృద్ధులకును బలహీనులకును సగము కాలము ఆ హద్దులలో ఉన్నను చాలును. దిగువకు మాత్రము నూటికి ఒక వంతు కూడ పోరాదు. డెబ్బది యేండ్ల తల్లిని పాతికేండ్ల కుమారుని అంకెలకు తేవలెనని పట్టుబట్టరాదు.

వెల ఆలోచింపదగినదే. ఒక సెన్సారు రెండు వారములే పనిచేయును; దానికి వేల రూపాయలగును. ఇన్సులిన్ రోజుకు పలుమారులు తీసికొను పిల్లలకును పెద్దలకును ఆ వ్యయము సార్థకము. మాత్రలతో నిలకడగా ఉన్నవారు ఏడాది పొడుగునా ధరింప నక్కరలేదు. వైద్యుడు కోరినచో ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు పెట్టుకొని, ఆ పదునాలుగు దినములు తిన్నది, నడచినది, మందు వేళలు కాగితముపై వ్రాసికొన్న చాలును. ఆ వ్రాత లేనిదే గీతకు అర్థము తెలియదు. బాణమును చూచి ఇన్సులిన్ మోతాదును సొంతముగా మార్చుకొనరాదు.

అంటించుటకు ముందు చేతికి కొబ్బరినూనె రాయకుడు, బిళ్ల నిలువదు. సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, బాగుగా ఆరనీయవలెను. సముద్రపు గాలికి పట్టు చెమటతో అంచులు లేచినచో పైన పలుచని ప్లాస్టరు వేయవచ్చును. స్నానమునకు అడ్డులేదు. సాగరసంగమమున మునుగునప్పుడు మాత్రము లోతునకు పోరాదు. సాధారణముగా ఒక మీటరు లోతు, అరగంట కాలము దీనికి హద్దు. ఎమ్మారై పరీక్ష ఉన్నచో సెన్సారు ఉన్నదని ముందుగా చెప్పవలెను. గడువు తీరిన బిళ్లను నూనెతో తడిపి మెల్లగా ఊడదీసి, మరియొకటి పెట్టదలచినచో రెండవ చేతికి పెట్టుకొనవలెను. అంటించు సాధనములో సూది ఉండును గనుక దానిని కాలువలో పారవేయక, మూతగల డబ్బాలో ఉంచి ఆసుపత్రివారికి అప్పగింపుడు.