పగడపు దిబ్బలలో మునక: ఊపిరి బిగబట్టరాదు



గత వేసవి సెలవులలో మన పాఠశాల విద్యార్థి యొకడు తల్లిదండ్రులతో అండమాను దీవులకు పోయి, స్వరాజ్ ద్వీపమున సముద్రములో మునిగి పగడపు దిబ్బలను చూచి వచ్చినాడు. "అచ్చట లోతు మన ఊరి బావియంత కూడ లేదు మాస్టారూ! బావిలో మునుగువానికి అచ్చట భయమేమి?" అని నన్నడిగినాడు. ప్రశ్న మంచిది. బావిలో నేర్చిన యలవాటే అచ్చట ప్రాణాపాయము కాగలదు. ఎట్లో వివరించెదను.

స్వరాజ్ ద్వీపమునకు 2018 వరకు హేవ్‌లాక్ అని పేరు. మనవలెనే స్వరాష్ట్రమునకు దూరముగా నుండి తెలుగు మాటలాడుకొను కుటుంబములు అండమానులో పెక్కు కలవు. ఈ ద్వీపమున తీరమునకు చేరువనే, లోతు తక్కువగల నీటిలో పగడపు దిబ్బలున్నవి. అందుచే క్రొత్తవారిని శిక్షకులు మొదట అచ్చటనే దింపుదురు.

పగడము రాయి కాదు, మొక్కయు కాదు. అది జంతువు. చిన్న చిన్న జీవులు వేలకొలది చేరి సున్నపు గూళ్లు కట్టుకొనగా దిబ్బ యేర్పడును. వాని శరీరములలో కంటికి కానరాని నాచు నివసించి, సూర్యరశ్మితో ఆహారము తయారుచేసి వానికి పెట్టును. వెలుగు లేనిదే ఆ నాచు బ్రతుకదు. కావుననే ఇట్టి దిబ్బలు వెలుగు చొచ్చు పైనీటిలో పెరుగును.

ఇక మునుగు సాధనము సంగతి. స్కూబా యనగా మునుగువాడు తానే మోసికొనిపోవు శ్వాససాధనము. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాఁ అను నిరువురు దీనిని నేటి రూపమునకు తెచ్చిరి. వీపున నుండు సిలిండరులో ఉన్నది వట్టి ప్రాణవాయువని పలువురు తలతురు. అది పొరపాటు. అందున్నది మనము పీల్చు మామూలు గాలియే. దానిని సుమారు 200 రెట్ల పీడనముతో కుదించి నింపుదురు. నోట కరచుకొను సాధనము, మనము పీల్చినపుడు మాత్రము, చుట్టునున్న నీటి పీడనమునకు సరిపోవు పీడనముతో గాలి నందించును.

ఇచ్చటనే అసలు విషయమున్నది. నీటిపై మనపై నుండు పీడనము ఒక వాతావరణము. 10 మీటర్ల లోతున అది రెండు, 20 మీటర్ల లోతున మూడు. పీడనము సగమైనచో గాలి పరిమాణము రెట్టింపగునని బాయిలు నియమములో చదివియున్నారు గదా! 10 మీటర్ల లోతున 3 లీటర్ల గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో, అది 6 లీటర్లు కాజూచును. ఊపిరితిత్తులు అంతగా సాగలేవు, చినుగును. గాలి రక్తనాళములలో ప్రవేశించి మెదడునకు చేరినచో ప్రాణమే పోవచ్చును. అదే 3 లీటర్లు 20 మీటర్లనుండి 10 మీటర్లకు వచ్చునప్పటికి నాలుగున్నర లీటర్లు మాత్రమే యగును. అనగా మార్పు మిక్కిలి హెచ్చుగా నుండునది పైనీటిలోనే! ఒకటి రెండు మీటర్ల లోతునుండియు ఇట్టి ప్రమాదము కలుగవచ్చును.

మరి బావిలో ఏల కలుగదు? అచ్చట మనము గట్టుమీద పీల్చిన గాలితో మునుగుదుము. అది లోపల కుంచించుకొని, పైకి వచ్చునప్పటికి తొలి పరిమాణమునకే చేరును. పూర్వము మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పలకై మునిగినవారిదియు ఇదే పద్ధతి. స్కూబాలో గాలిని లోతున పీల్చుదుము. భేదమంతయు ఇదియే. కావున మొదటి నియమము: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. నెమ్మదిగా పీల్చుచు, విడుచుచు, మెల్లగా పైకి రావలెను.

దిగునపుడు చెవులలో నొప్పి పుట్టును. ముక్కు మూసికొని మెల్లగా ఊదినచో లోపలి పీడనము సరిపడును. నొప్పి తగ్గనిచో ఇంకను దిగరాదు. జలుబు చేసియున్ననాడు మునుగనే రాదు.

రెండవ నియమము: పగడమును తాకరాదు, దానిపై నిలువరాదు. కొన్ని జాతులు సంవత్సరమునకు ఒక సెంటీమీటరైనను పెరుగవు. కాలి తాకిడికి క్షణములో విరిగినది మరల పెరుగుటకు ఎన్ని యేండ్లు పట్టునో లెక్కించి చూడుడు. సముద్రము వేడెక్కినపుడు నాచు వీడిపోయి పగడములు తెల్లబారును. 2010లో అండమానున అట్లే జరిగి పెక్కు పగడములు నశించినవి. మిగిలినవానిని మనము తొక్కరాదు గదా! పగడపు ముక్కను ఇంటికి తెచ్చుట చట్టరీత్యా నేరము కూడ.

తల్లిదండ్రులకు మనవి. పిల్లలను పంపుటకు ముందు శిక్షకుని యోగ్యతాపత్రమును చూడుడు. పిల్లలకు ఉబ్బసము, గుండెజబ్బు, చెవిపోటు వంటివి యున్నచో దాచక చెప్పి, వైద్యుని యనుమతి పొందుడు. మునిగిన దినముననే విమాన మెక్కింపకుడు. "లోతు లేదు, భయము లేదు" అని పిల్లవాడు పలికినచో, బాయిలు నియమమును ఒకమారు వానిచేత చెప్పించుడు.