గృహ విద్యుత్ తీగ

గృహ విద్యుత్ తీగ అనగా ఇంటి మీటరు నుండి దీపాలు, పంకాలు, ప్లగ్గులు మొదలైన వాటికి విద్యుత్తును చేరవేసే, పైన బంధక పదార్థపు తొడుగు గల లోహపు తీగ. వాడుకలో దీనిని వైరు అంటారు. భారతదేశంలో సాధారణ గృహాలకు 230 వోల్టుల, 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తు సరఫరా అవుతుంది. ఇంటికి తగిన తీగను ఎంచుకొనుటలో నాలుగు అంశాలు ముఖ్యమైనవి: లోహం, మందం, తొడుగు, ఆ తీగను కాపాడే ఫ్యూజు లేదా ఎం.సి.బి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన మూడింటి వలన రక్షణ లభించదు. వేడి, తేమ రెండూ అధికంగా ఉండే గోదావరి డెల్టాలో ఈ ఎంపికకు మరింత ప్రాధాన్యం ఉన్నది.

తీగ వేడెక్కుటకు కారణం

ప్రతి తీగకు కొంత నిరోధం ఉంటుంది. విద్యుత్తు ప్రవహించినపుడు ఆ నిరోధం వలన తీగ వేడెక్కుతుంది. ఈ వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే ప్రవాహం రెండింతలు అయితే వేడి నాలుగింతలు అవుతుంది. తీగ మందం పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది, పొడవు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది. సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకు వాహకపు వేడిని తట్టుకోగలదు. అంతకు మించి తరచుగా వేడెక్కితే తొడుగు గట్టిపడి పగుళ్లు బారుతుంది. అగ్నిప్రమాదానికి, విద్యుదాఘాతానికి అక్కడే దారి ఏర్పడుతుంది.

లోహం

గృహ తీగలలో రాగి, అల్యూమినియం వాడుకలోకి వచ్చాయి. ఒకే మందం, ఒకే పొడవు గల తీగలలో అల్యూమినియం నిరోధం రాగి నిరోధానికి సుమారు 1.6 రెట్లు ఉంటుంది. అల్యూమినియం చవకైనది, తేలికైనది. కానీ మెత్తనిది కావడం వలన మరలు బిగించిన చోట కాలక్రమంలో వదులవుతుంది. దానిపై ఏర్పడే ఆక్సైడు పొర విద్యుత్తును ప్రవహింపనీయదు. రాగి, ఇత్తడి భాగాలతో కలిసే చోట తేమ తగిలితే అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. అందువలన ఇంటి లోపలి వైరింగుకు రాగి తీగ ఉత్తమమైనది.

మందం

తీగ మందాన్ని వాహకపు అడ్డుకోత వైశాల్యంగా, అనగా చదరపు మిల్లీమీటర్లలో (చ.మి.మీ.) తెలుపుతారు. పాత ఇళ్ల వైరింగులో 1/18, 3/20, 7/20 వంటి అంకెలు వినిపిస్తాయి. వీటిలో మొదటి అంకె పోగుల సంఖ్యను, రెండవది పోగు గేజిని తెలుపుతుంది. ఈ పద్ధతిలో 1/18 తీగ సుమారు 1.2 చ.మి.మీ., 3/20 తీగ సుమారు 2 చ.మి.మీ., 7/20 తీగ సుమారు 4.6 చ.మి.మీ. అవుతాయి.

ముందుగా ఆ తీగపై పడే భారాన్ని లెక్కించాలి. పరికరపు వాట్లను 230 చేత భాగిస్తే ప్రవాహం సుమారుగా ఆంపియర్లలో వస్తుంది. 2000 వాట్ల గీజరుకు దాదాపు 8.7 ఆంపియర్లు, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు 4.3 ఆంపియర్లు, 75 వాట్ల పంకాకు 0.3 ఆంపియరు అవసరం. గొట్టం లోపల వేసే రాగి తీగలకు సాధారణంగా పాటించదగిన కొలతలు ఇవి:

* 1 చ.మి.మీ. - దీపాలు, పంకాలు మాత్రమే - 6 ఆంపియర్ల ఎం.సి.బి.
* 1.5 చ.మి.మీ. - దీపాలు, పంకాలు, టీవీ వంటి వాటి చిన్న ప్లగ్గులు - 10 ఆంపియర్ల ఎం.సి.బి.
* 2.5 చ.మి.మీ. - గీజరు, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె, 16 ఆంపియర్ల ప్లగ్గులు - 16 ఆంపియర్ల ఎం.సి.బి.
* 4 చ.మి.మీ. - 1.5 టన్నుల ఏ.సి. - 20 ఆంపియర్ల ఎం.సి.బి.
* 6 చ.మి.మీ. - మీటరు నుండి పంపిణీ పెట్టె వరకు - 25 ఆంపియర్ల ఎం.సి.బి. పెద్ద ఇళ్లకు ఇంకా మందమైనది అవసరం.

దూరాన్ని కూడా గమనించాలి. కోనసీమ తోటలలో బోరు మోటారు, పశువుల పాక ఇంటికి దూరంగా ఉండటం సాధారణం. 30 మీటర్ల దూరానికి 1.5 చ.మి.మీ. రాగి తీగ వేస్తే రానుపోను నిరోధం సుమారు 0.69 ఓమ్ ఉంటుంది. 10 ఆంపియర్ల ప్రవాహానికి దాదాపు 7 వోల్టులు తీగలోనే తగ్గి, 69 వాట్ల శక్తి వేడిగా వృథా అవుతుంది. అదే 2.5 చ.మి.మీ. తీగ అయితే నష్టం 41 వాట్లకు తగ్గుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో ప్రవాహం అనేక రెట్లు ఉంటుంది కనుక సన్నని తీగపై వోల్టేజి పడిపోయి మోటారు తిరగక మొరాయిస్తుంది.

తొడుగు

పూర్వం తీగలకు రబ్బరు తొడుగు వేసి, గోడలపై చెక్క పట్టీల వెంట బిగించేవారు. పాత పెంకుటిళ్లలో ఈ బాటన్ వైరింగు కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ రబ్బరు ఎండి పొడిగా రాలిపోతుంది. ప్రస్తుతం పి.వి.సి. తొడుగు ఎక్కువగా వాడుకలో ఉన్నది. పి.వి.సి. తీగలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 694 వర్తిస్తుంది. తొడుగులలో ముఖ్యమైన రకాలు:

* ఎఫ్.ఆర్. - మంటను తొందరగా వ్యాపింపనీయనిది.
* ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. - మంటను వ్యాపింపనీయకపోవడమే కాక పొగను, ఆమ్ల వాయువును తక్కువగా విడుదల చేసేది.
* హెచ్.ఆర్. - 85 డిగ్రీల వరకు వేడిని తట్టుకునేది.
* హాలోజన్ రహిత తొడుగు - కాలినపుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుదల చేయనిది.

సాధారణ పి.వి.సి. కాలినపుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హానికరం. కిటికీలు తక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో ఎఫ్.ఆర్.ఎల్.ఎస్., హాలోజన్ రహిత తొడుగులు మేలు.

గోదావరి డెల్టా పరిస్థితులు

పూర్వపు తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలో విద్యుత్ పంపిణీని 2000లో ఏర్పడిన, విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నిర్వహిస్తున్నది. సంస్థ బాధ్యత మీటరు వరకే. మీటరు తరువాతి తీగల భద్రత ఇంటి యజమానిదే.

రాజమహేంద్రవరంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. రేకుల ఇంటి కప్పు కింద, అటక మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. తీగల సామర్థ్యాన్ని 40 డిగ్రీల పరిసరాలకు లెక్కగడితే, 45 డిగ్రీల వద్ద అదే తీగ సామర్థ్యం సుమారు 9 శాతం తగ్గుతుంది. ఏ.సి.లు, పంకాలు ఎక్కువగా నడిచే కాలం కూడా అదే. కనుక సరిగ్గా సరిపోయే మందం కన్నా ఒక మెట్టు పై మందాన్ని తీసుకొనుట శ్రేయస్కరం.

రెండవ సమస్య నీరు. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బతీసిన తుఫాను, 2022 జూలై వరదలలో లంక గ్రామాల ముంపు ఇందుకు నిదర్శనాలు. నీట మునిగిన తీగ పైకి ఆరినట్లు కనిపించినా, అతుకుల వద్ద చొరబడిన నీరు పోగుల సందుల గుండా తొడుగు లోపలికి పాకి ఉంటుంది. రాగి నల్లబడి, అతుకుల వద్ద నిరోధం పెరుగుతుంది. ముంపు తగ్గిన తరువాత మెయిన్ స్విచ్ వేయకముందే ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ పరికరంతో బంధక నిరోధాన్ని పరీక్షింపజేయాలి. అది 1 మెగాఓమ్ కన్నా తక్కువ ఉంటే ఆ తీగలను వాడరాదు. ముంపు ప్రాంతాలలో ప్లగ్గులను, పంపిణీ పెట్టెను వరద మట్టానికి పైన అమర్చుట మంచిది. ధాన్యం నిల్వ ఉండే ఇళ్లలో ఎలుకలు తొడుగును కొరుకుతాయి కనుక తీగలను గొట్టాలలోనే వేయాలి.

ఫ్యూజు, ఎం.సి.బి.

ఎం.సి.బి. ప్రధానంగా తీగను కాపాడటానికి ఉన్నది. దాని విలువ పరికరం తీసుకునే ప్రవాహం కన్నా ఎక్కువగా, తీగ సామర్థ్యం కన్నా తక్కువగా ఉండాలి. ఈ నియమాన్ని తలకిందులు చేయడమే ఇళ్లలో జరిగే అతి సాధారణమైన పొరపాటు. ఉదాహరణకు 1.5 చ.మి.మీ. తీగపై 8 ఆంపియర్ల ఏ.సి., ఇస్త్రీ పెట్టె కలిసి నడిస్తే ప్రవాహం 12 ఆంపియర్లు దాటి 10 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోతుంది. అప్పుడు తీగను మార్చకుండా 20 ఆంపియర్ల ఎం.సి.బి. బిగిస్తే ఇబ్బంది తీరినట్లు కనిపిస్తుంది. కానీ దాదాపు 13 ఆంపియర్లకు తగిన ఆ తీగలో 18 ఆంపియర్లు ప్రవహించినా అడ్డుకునేది ఉండదు. అందులో పుట్టే వేడి దాదాపు రెట్టింపు అవుతుంది. పాత కిట్‌క్యాట్ ఫ్యూజులలో లావు తీగ చుట్టడం కూడా ఇటువంటిదే. ఎం.సి.బి. తరచూ పడిపోతుంటే భారాన్ని తగ్గించాలి, లేదా మందమైన తీగతో వేరే లైను వేయించాలి.

ఎం.సి.బి. మనిషిని విద్యుదాఘాతం నుండి కాపాడలేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఆ పని చేస్తుంది. తడి నేలలు గల స్నానాల గది, మోటారు లైన్లకు ఇది తప్పనిసరిగా ఉండదగినది.

రంగులు

ఫేజుకు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ లేదా ఆకుపచ్చ-పసుపు చారల తీగను వాడుతారు. స్విచ్ ఎల్లప్పుడూ ఫేజు తీగ మీదనే ఉండాలి. న్యూట్రల్ మీద ఉంటే స్విచ్ ఆపినా పరికరంలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. 16 ఆంపియర్ల ప్లగ్గులకు ఎర్త్ తీగ లేకుండా గీజరు, వాషింగ్ మెషిన్ తగిలించరాదు.

కొనుగోలులో గమనించవలసినవి

భారత ప్రభుత్వపు 2003 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇటువంటి తీగలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. తొడుగుపై తయారీదారు పేరు, మందం, ఐ.ఎస్. 694 అన్న సంఖ్య, ఐ.ఎస్.ఐ. గుర్తు, లైసెన్సు సంఖ్య ముద్రించి ఉన్నవో లేదో చూడాలి.

బరువు మరొక పరీక్ష. సాధారణంగా ఒక కాయిల్ పొడవు 90 మీటర్లు. 1.5 చ.మి.మీ. కాయిల్‌లో రాగి సుమారు 1.2 కిలోలు, 2.5 చ.మి.మీ. కాయిల్‌లో సుమారు 2 కిలోలు ఉంటుంది. తొడుగుతో కలిపి తూచినా అంతకన్నా తక్కువ వస్తే రాగి తక్కువగా ఉన్నట్లే. పోగును కత్తితో గీకినపుడు లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. గోడలోకి వెళ్లిన తరువాత తీగను పరీక్షించుట కష్టం కనుక ఈ పరీక్షలు కొనే సమయంలోనే చేయాలి.