నొప్పి చెప్పని కీలు

చూపుడు వేళ్లు రెండింటినీ చెవి రంధ్రాలకు కొంచెం ముందు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేళ్ల కింద ఏదో గుండ్రంగా కదులుతోంది కదూ? అది కింది దవడ ఎముక తల. పుర్రెలో దానికోసం ఒక గుంట ఉంది. ఆ రెండూ కలిసే చోటే దవడ కీలు. నోరు కొద్దిగా తెరిచినప్పుడు ఎముక తల తలుపు బందులాగా తిరుగుతుంది. ఇంకా పెద్దగా తెరిస్తే గుంటలోంచి ముందుకు జారుతుంది. ఎముకలు ఒరుసుకోకుండా మధ్యలో ఒక చిన్న బిళ్ల ఉంటుంది. ఆ బిళ్ల కాస్త పక్కకు జరిగి తిరిగి సర్దుకున్నప్పుడు 'టక్' మని చప్పుడు వస్తుంది. నొప్పి లేకుండా చప్పుడు మాత్రమే వస్తుంటే కంగారుపడనక్కరలేదు.

కంగారుపడవలసింది వేరే ఉంది. అది చప్పుడు చెయ్యదు.

పిల్లలలో ఈ ఎముక తలమీద పలుచని మృదులాస్థి పొర ఉంటుంది. కింది దవడ పెరగడానికి అది ముఖ్యమైన చోటు. మోకాలి దగ్గర ఎముక పెరిగే చోటు కీలుకు కాస్త ఎడంగా ఉంటుంది. దవడలో మాత్రం అది కీలు అంచునే ఉంది. అందుచేత కీలుకు జబ్బు చేస్తే ముఖం ఎదుగుదలకే దెబ్బ.

బాల కీళ్లవాతం అలాంటి జబ్బు. ఇది 16 ఏళ్లు నిండకముందే మొదలవుతుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొరమీద దాడి చేస్తుంది. మోకాలు వాస్తే అమ్మ కంట పడుతుంది. దవడ కీలు వాచినా చాలామంది పిల్లలకు నొప్పి తెలియదు, పైకి ఉబ్బూ కనిపించదు. కొన్నేళ్లకు గడ్డం ఒక పక్కకు ఒరిగిపోతుంది, లేదా చిన్నదిగా ఉండిపోతుంది.

మరి లోపల ఏం జరుగుతోందో చూడడం ఎలా? 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణాలు ఎముకను చక్కగా చూపిస్తాయి. కాని కీలు లోపలి పొర, మృదులాస్థి వాటికి చిక్కవు. ఎముక అరిగాకే జబ్బు బయటపడుతుంది. అంటే ఇల్లు కాలాక మసి చూసినట్లే. 1971లో మొదటిసారి రోగికి ఉపయోగించిన సి.టి. స్కాన్ ఎముకను ఇంకా వివరంగా చూపిస్తుంది. అయితే అవీ ఎక్స్ కిరణాలే. ఎదిగే పిల్లలకు వాటిని ఎంత తక్కువ వాడితే అంత మేలు.

1973లో లాటర్బర్ దారి చూపిన ఎం.ఆర్.ఐ. ఈ పనికి సరిగ్గా సరిపోయింది. మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న అయస్కాంతాల వంటివి. భూమి అయస్కాంత క్షేత్రం కంటే దాదాపు 30,000 రెట్లు బలమైన క్షేత్రంలో వాటిని ఉంచి, రేడియో తరంగాలతో కదిలిస్తే అవి తిరిగి సంకేతాలు ఇస్తాయి. వాచిన చోట నీరు ఎక్కువ కాబట్టి సంకేతం మారుతుంది. రక్తనాళంలోకి గాడోలినియం మందు ఎక్కిస్తే, వాచిన పొర మెరుస్తూ కనిపిస్తుంది. నోరు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి బొమ్మలు తీస్తారు. యంత్రం మోత మోగిస్తున్నా కదలకుండా పడుకోవాలి! మరీ చిన్నపిల్లలకు మత్తు ఇవ్వక తప్పదు. పళ్లకు కట్టిన లోహపు తీగలు బొమ్మను చెరుపుతాయి.

ఇంత గొప్ప యంత్రమూ పొరపాటు పడేలా చేయగలదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల కీలులో కూడా కొద్దిగా ద్రవం, కొద్దిగా మెరుపు కనిపిస్తాయి. పైగా మందు ఎక్కించాక ఆలస్యం చేస్తే అది కీలు ద్రవంలోకి ఊరి, లేని వాపును ఉన్నట్లు చూపిస్తుంది. అందుకే వైద్యులు బొమ్మ ఒక్కదాన్నే నమ్మరు. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలుస్తారు. తెరిచేటప్పుడు గడ్డం ఏ పక్కకు పోతోందో గమనిస్తారు. చెడిన కీలు ముందుకు జారలేదు కనుక గడ్డం సాధారణంగా ఆ పక్కకే తిరుగుతుంది.

వాపును త్వరగా పట్టుకుంటే మందులతో అణచవచ్చు. ఎదిగే వయసులో ఉన్న ఎముకకు ఒక గుణం ఉంది: వాపు తగ్గాక, అరిగిన తల కొంతవరకు మళ్లీ గుండ్రదనం తెచ్చుకోగలదు.