90 సెకన్ల పరీక్ష: అది బద్ధకం కాదమ్మా

"ఏంటే, ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నావు? ధ్యాస ఎక్కడుంది?"

పప్పు మాడినా, పిల్లాడి స్కూల్ ట్రిప్ డబ్బులు కట్టడం మర్చిపోయినా ఇంట్లో వినపడే మాట ఇదే. మనల్ని మనం తిట్టుకునేది కూడా ఇలాగే. కానీ మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే ఎంఎస్, ఉన్న మనిషిని ఆ మాట అనేముందు ఒక్క నిమిషం ఆగండి.

నాకు తెలిసిన ఒక చెల్లి ఇక్కడే ఇంగ్లండ్‌లో ఆఫీసు ఉద్యోగం చేస్తోంది. ఎంఎస్ అని తెలిసి నాలుగేళ్ళయింది. నడక బాగుంది, చూపు బాగుంది. క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ "అంతా నిలకడగానే ఉంది" అంటున్నారు. కానీ మీటింగ్‌లో ఇద్దరు ముగ్గురు వెంటవెంటనే మాట్లాడితే తను అందుకోలేకపోతోంది. ఇంట్లో చెబితే "బద్ధకం" అన్నారు. చివరికి తనే అడిగి ఒక చిన్న పరీక్ష చేయించుకుంది. స్కోరు తక్కువ వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "హమ్మయ్య అక్కా, ఇది నా బద్ధకం కాదు" అంది.

మెదడుకు ఏమవుతుంది?

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, మన నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఎంఎస్‌లో మన రోగనిరోధక శక్తే దాన్ని దెబ్బతీస్తుంది. సంకేతాలు నెమ్మదిస్తాయి. 2020 లెక్కల ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. అంటే పిల్లలు, ఉద్యోగం, ఇల్లు అన్నీ నెత్తిమీద ఉన్న వయసులోనే.

తిమ్మిర్లు, తూలడం అందరికీ తెలుసు. కానీ ఎంఎస్ ఉన్నవాళ్ళలో 40 నుంచి 65 శాతం మందికి ఆలోచన వేగం, జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల్లో ఎంతో కొంత తేడా వస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది వేగం. తెలివి తగ్గదు, జవాబు రావడం ఆలస్యమవుతుంది. అందుకే తారీఖు, ఊరి పేరు అడిగే మామూలు మతిమరుపు పరీక్షల్లో వీళ్ళు హాయిగా పాసైపోతారు.

పరీక్ష ఎలా ఉంటుంది?

ఎక్కువగా వాడేది ఎస్‌డీఎంటీ. కాగితం పైభాగాన తొమ్మిది గుర్తులు, ఒక్కోదాని కింద 1 నుంచి 9 వరకు ఒక అంకె ఉంటాయి. కింద వరసగా గుర్తులు మాత్రమే ఇస్తారు. పైన చూసుకుంటూ 90 సెకన్లలో ఎన్నిటికి సరైన అంకె చెబితే అది మీ స్కోరు. అంతే!

ఇప్పుడు ఇదే ఐప్యాడ్ మీదకు, ఫోన్ మీదకు వచ్చింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు తయారుచేసిన ప్రాసెసింగ్ స్పీడ్ టెస్ట్ రెండు నిమిషాలది. ఎలా చేయాలో ఐప్యాడే చెబుతుంది, జవాబు మనమే వేలితో నొక్కాలి. డాక్టర్ని కలిసేముందు వెయిటింగ్ రూమ్‌లోనే అయిపోతుంది. రోష్ కంపెనీ తెచ్చిన ఫ్లడ్‌లైట్ యాప్‌లో ఈ రకం పరీక్షతో పాటు చేతివేళ్ళ పనితీరు, నడక కూడా ఫోనే కొలిచేది.

ఒక్క అంకె చూసి బెదిరిపోకండి

నర్సుగా నేను చెప్పేది ఇదే. యాప్ జబ్బును తేల్చదు, తేడాను చూపిస్తుంది. స్కోరు తగ్గడానికి వేరే కారణాలు బోలెడు: నిద్ర లేకపోవడం, డిప్రెషన్, యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఒంటి వేడి పెరగడం, కొన్ని మందులు. నైట్ డ్యూటీ చేసి అలాగే వెళ్ళి పరీక్షకు కూర్చోకండి. ప్రతిసారీ వీలైతే ఒకే వేళకు, కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి. వేళ్ళు సరిగ్గా కదలకపోతే నోటితో జవాబు చెప్పే పద్ధతి అడగండి. నొక్కడంలో అయ్యే ఆలస్యం ఆలోచనలో ఆలస్యంగా లెక్కకు రాకూడదు కదా. ఇంకోటి, పదేపదే చేస్తే అలవాటుతోనే స్కోరు కొంచెం పెరుగుతుంది.

భాష సంగతి కూడా మనకు ముఖ్యం. అంకెల పరీక్షతో పెద్ద చిక్కు లేదు. కానీ కొన్ని పరీక్షల్లో 16 ఇంగ్లీషు మాటలు చదివి వినిపించి, గుర్తున్నవి చెప్పమంటారు. తెలుగులోనే ఆలోచించే అత్తగారికో పెద్దమ్మకో అందులో మార్కులు తగ్గితే, అది జ్ఞాపకశక్తి లోపమో ఇంగ్లీషు లోపమో ఎలా తెలుస్తుంది? "మా ఇంటి భాష తెలుగు" అని ముందే చెప్పి, రికార్డులో రాయించండి.

మీరు అడగాల్సింది

"నాకు మొదటి స్కోరు ఉందా?" ఇది మీ ఎంఎస్ నర్సును అడగండి. జబ్బు తెలిసిన తొలి రోజుల్లోనే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి పరీక్షించాలని 2018లో వచ్చిన నిపుణుల సిఫార్సులు చెబుతున్నాయి. పక్కవాళ్ళ స్కోరుతో మనకు పనిలేదు. మన పాత స్కోరుతోనే పోల్చుకోవాలి. ఎస్‌డీఎంటీలో 4 పాయింట్లు తగ్గితే సాధారణంగా పట్టించుకోవాల్సిన మార్పు అంటారు. అప్పుడు కారణం వెతుకుతారు, అవసరమైతే న్యూరోసైకాలజిస్ట్ దగ్గరకు పంపిస్తారు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు రోజువారీ చిట్కాలు నేర్పిస్తారు.

ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో దాచుకోకండి. ఇంగ్లండ్‌లో 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం ఎంఎస్ అని తేలిన రోజు నుంచే మీకు చట్టం అండ ఉంటుంది. మీటింగ్ విషయాలు రాతపూర్వకంగా ఇవ్వమనడం, గోల లేని చోట సీటు అడగడం మీ హక్కు.

మా చెల్లి ఆ కాగితం ఇంటికి తెచ్చి వాళ్ళాయనకు చూపించింది. ఇప్పుడు ఆయన ఒక్కో మాటే చెబుతాడు, జవాబు వచ్చేదాకా ఆగుతాడు. మీ ఇంట్లోనో, మీ వార్డులోనో ఇలాంటి మనిషి ఉంటే "ధ్యాస ఎక్కడుంది?" అని అడగకండి. "పరీక్ష చేయించావా?" అని అడగండి.